పెద్దింటి సైకిలుకు పెద్ద గుండ్లు

ఆ రోజుల్లో చంద్రాపూర్‌లో ప్రతివాడూ ఏదో ఒకటి కొత్తది కొంటూ ఉండేవాడు. దేశం తలుపులు బార్లా తెరిచారని పత్రికల్లో రాసేవారు. ఆ తలుపుల్లోంచి వీచిన గాలి మా తుకుం బజారు దాకా తగిలింది. నిన్నటి దాకా గోడ గడియారం లేని ఇంట్లో ఇవాళ రంగుల టీవీ, డాబా మీద తిరగేసిన గొడుగులాంటి డిష్షు, సందు మొగన పసుపుపచ్చ బోర్డుతో ఎస్.టి.డి. బూతు. అలాంటి ఒక బూతులో నేను కూర్చునేవాణ్ణి. (కూర్చునేవాణ్ణంటే నౌకరీ చేసేవాణ్ణని అర్థం కాదు. యజమాని లేని సమయంలో బాధ్యత చూసుకునేవాణ్ణి. యజమాని ఎప్పుడూ ఉండేవాడు కాదు.) మాది రాజురా అవతల పత్తి చేన్ల నడుమ ఒక ఊరు. తాత కాలందాకా ఆ ఊరికి మేమే పటేళ్లం. నా కాలానికి వచ్చేసరికి చేలు కోర్టులో కలిసిపోయి, వాడ అనే మా పెద్దింటి గోడలు వానలో కలిసిపోయి, ఇత్తడి బొడిపెలు కొట్టిన పెద్ద దర్వాజా ఒక్కటి మాత్రం అటూ ఇటూ గోడ లేకుండా ఒంటరిగా నిలబడి ఉండేది. మా నాయనమ్మ పొద్దుగూకగానే దానికి గడియ పెట్టేది. మేకలు పక్కనుంచి వచ్చి వెళ్తూనే ఉండేవి. గడియ మాత్రం పెట్టాల్సిందే. నేను కూడా అంతే. బూతులో స్టూలు మీద కూర్చున్నా వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాణ్ణి.

ఆ ఇంటి నుంచి నాకు దక్కిన ఆస్తి ఒక్కటే, తాత సైకిలు. నిజాం రోజుల్లో హైదరాబాదు నుంచి ప్రత్యేకంగా తెప్పించిన ఇంగ్లీషు సైకిలు. నల్లరంగు మీద బంగారు గీతలు, తోలు సీటు, కడ్డీ బ్రేకులు. దానిమీద కూర్చుంటే మనిషి వంగడానికి వీలుండదు, గుర్రంమీద కూర్చున్నట్టే ఉంటుంది. నేను తుకుం నుంచి బస్టాండు దాకా దానిమీద వెళ్తుంటే జనం తిరిగి చూసేవారు. చాలాకాలం నేను ఆ చూపు మర్యాద అనుకున్నాను. తర్వాత తెలిసింది, చప్పుడు వల్ల చూసేవారని. బ్రేకు వేసినప్పుడల్లా, గుంతలో పడినప్పుడల్లా హ్యాండిలు కింద ఎక్కడో 'టక్' మనేది. ఒక్క టక్కు కాదు, ముసలాడు పళ్లు కొరికినట్టు వరసగా టక్కు టక్కు టక్కు.

ఇక అతని సంగతి చెప్పాలి. అతణ్ణి ఊర్జానగర్‌లో అందరూ 'బేరింగు' అనేవారు. అతని తాత మా తాతకు బండి తోలాడు, అతని నాన్న మా నాన్నకు బండి తోలాడు. అతను మాత్రం ఐ.టి.ఐ. చదివి కరెంటు ఫ్యాక్టరీలో నౌకరీ కొట్టాడు. పెద్ద పెద్ద యంత్రాల బేరింగులు విప్పి బిగించే పని. ఊర్జానగర్‌లో క్వార్టరు, రోజంతా నల్లా నీళ్లు, ఎప్పుడూ పోని కరెంటు. (తుకుంలో మేము కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఆ వైపు ఆకాశం వెలుగుతూ ఉండేది. నేను చూసేవాణ్ణి కాదు, కనబడేది.) అతనికి ఒక కొత్త సైకిలు. ఎర్రరంగు, లావుపాటి టైర్లు, అడ్డంగా తిన్నని హ్యాండిలు. ఆ సైకిలుకు అసలు చప్పుడే లేదు. పాము వచ్చినట్టు వచ్చి నా బూతు అద్దానికి ఆనుకునేది. దాని హ్యాండిలు మీద వేలు పెట్టి నెడితే నూనెలో తిరిగినట్టు ఇటు నుంచి అటు తిరిగేది. ఒకసారి అతను లోపల ఫోనులో మాట్లాడుతుండగా నేను బయటికి వచ్చి పరీక్షించాను. రెండుసార్లు పరీక్షించాను.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనివి రెండు. మొదటిది, వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ నన్ను 'చిన్న పటేలా' అని పిలిచినవాడు. ఇతను 'అన్నా' అంటాడు. చంద్రాపూర్‌లో పాన్‌షాపు వాణ్ణీ అన్నా అంటాడు, నన్నూ అన్నా అంటాడు. రెండోది ఎద్దులు. దున్నడానికి చేను మిగలనప్పుడు కొట్టంలో ఎద్దులు దేనికని, మేత లేక డొక్కలు ఎండుతుంటే చూడలేక, కిందటి పొలాల పండుగ అయిన వెంటనే నాయనమ్మ మా జోడును అమ్మేసింది. కొన్నది ఇతనే. ఊళ్లో వాళ్లమ్మ చూసుకునే రెండెకరాల కోసం కొన్నాడు. మా ఇంట్లో పుట్టి, మా వాకిట్లో పెరిగిన తెల్లటి జోడు ఇప్పుడు బండోళ్ల సందులో కట్టేసి ఉంది. పైగా ఒళ్లు చేశాయట. ఆ ముక్క విన్నప్పుడు నాకు ఎద్దులమీద కూడా కోపం వచ్చింది.

ఒకనాడు మధ్యాహ్నం అతను బూతు దగ్గర నిలబడి ఉండగా నేను టక్కు టక్కుమంటూ వచ్చి దిగాను.

"అన్నా, నీ సైకిల్ మెడ వదులైంది" అన్నాడు.

"మా తాత కాలంనుంచీ అలాగే ఉంది" అన్నాను.

"తాత కాలంల కొత్తది గదనే. ఇగో, ముందు బ్రేకు వట్టి బండిని ముందుకూ యెనకకూ ఊపు. యేలు ఈడ వెట్టు, మెడకూ గొట్టానికీ నడుమ. కదులుతుందా?"

కదిలింది. కదలలేదని చెప్పాను.

అడగకుండానే అతను నేలమీద కూర్చుని విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. బేరింగుల గురించి ఎవరూ అడగనక్కర్లేదు, అతను పెళ్లిపందిట్లో కూడా చెప్పేవాడు. "హ్యాండిల్ కింద ఈ గొట్టముందా, దీనికి పైన రెండు కటోరీలు, కింద రెండు కటోరీలు, ఒకదానిమీద ఒకటి బోర్లిచ్చినట్టు ఉంటయి. వాటి నడుమ ఉక్కు గుండ్లు. గవి అరిగితే గిట్ల టక్కుమంటది. గుండ్లు మారిస్తే అయిపాయె. కానీ సైజు సూసుకోవాలె. మెడల వేసేది అయిదు బై ముప్పైరెండు అంగుళం. ముందు చక్రంల వేసేది మూడు బై పదహారు. సూస్తే రెండూ ఒక్క తీర్గనే ఉంటయి, ఎంట్రుక మందం తేడా. గానీ దీంట్ల అది వేస్తే బండి నీ మాట ఇనదు."

నేను బూతులో గంట మోగుతున్నట్టు నటించాను.

"ఇంకోటి అన్నా. కటోరీ నిండ గుండ్లు పేర్చి, ఆఖరికి ఒక గుండు తీసెయ్యాలె. ఒక్క గుండు జాగ ఖాళీ ఉంటేనే తక్కినయి తిరుగుతయి. నిండుగ కుక్కితే ఒకదానికొకటి రాసుకుంటయి. బిగించుడు సుత గంతే, ఊగొద్దు, పట్టెయ్యొద్దు. మా ప్లాంటుల మనిషెత్తు బేరింగుకు సుత ఇదే లెక్క. నువ్వు గుండ్లు తెచ్చుకో, ఆదివారం వచ్చి నేనే ఏసిస్త."

అతను చప్పుడు లేకుండా వెళ్లిపోయాక నేను లోపల కూర్చుని లెక్క వేశాను. మూడు బై పదహారు అంటే ఆరు బై ముప్పైరెండు. అంటే అందరి సైకిళ్లకూ అయిదు పాళ్లయితే, ఆ రెండోదానిలో ఆరు పాళ్లున్నాయి. మా సైకిలు ఇంగ్లీషుది, బరువైనది, పెద్దింటిది. దానికి అయిదు పాళ్లతో సరిపెట్టుకోమని బండోళ్ల పిల్లవాడు చెబుతాడా? ఇంకా ఆ 'ఒక గుండు తక్కువ' మాట నా గుండెలో ములుకులా దిగింది. కల్లంలో వాళ్ల తాత మా తాతకు కొలిచిన రోజుల్లో ఒక గింజ తక్కువ లేదు. ఇప్పుడు మనవడు వచ్చి మా ఇంటి వంతులో ఒకటి తీసెయ్యమంటాడు. అతను చెప్పింది తప్పని నాకు తోచలేదు. (ఆ మాట ఒప్పుకోవాలి.) అతను చెప్పాడు కాబట్టి చెయ్యకూడదని మాత్రం గట్టిగా తోచింది.

తుకుం బజార్లో సైకిలు సామాను దుకాణం ఒకటుండేది. దుకాణదారు పంచె కట్టి, పొద్దంతా పొగాకు నలుపుతూ, మరాఠీ హిందీ కలిపి మాట్లాడేవాడు. నా సైకిలును చుట్టూ తిరిగి చూసి, "పాటిల్, హే విలాయతీ ఫ్రేమ్ ఆహే. ఆప్లీ కటోరీ ఢిలీ బస్తే" అన్నాడు. మన దేశంలో చేసిన కప్పు ఈ విలాయతీ గొట్టంలో వదులుగా కూర్చుంటుందని. విలాయతీ కప్పే ఇమ్మన్నాను. అతను నవ్వాడు. దేశంలోకి విదేశీ చాక్లెట్లు వస్తున్నాయి, విదేశీ చానెళ్లు వస్తున్నాయి, అన్ని తలుపులూ తెరిచారంటున్నారు, నా విదేశీ సైకిలుకు ఒక్క కప్పు మాత్రం రాలేదు. చివరికి అతనే ఉపాయం చెప్పాడు. నూనె డబ్బా రేకు సన్నగా కత్తిరించి కప్పు చుట్టూ చుట్టి సుత్తితో కొడితే కదలకుండా కూర్చుంటుందట. తర్వాత గ్రీజు మరకల కాగితంలో చుట్టిన రెండు పొట్లాలు బల్లమీద పెట్టి, "కోణ్తే ఛర్రే?" అన్నాడు. ఏ గుండ్లు, మెడవా, చక్రానివా అని.

"పెద్దవి" అన్నాను.

"మెడకా?" అన్నాడు.

"మెడకే" అన్నాను, నా మెడ నిటారుగా పెట్టి.

అతను పొగాకు నోట్లో వేసుకున్నాడు. నోరు నిండినవాడు వాదించడు.

పొలాల పండుగకు ముందురోజు సైకిలును బస్సు టాపుమీద వేయించి రాజురా మీదుగా ఊరికి చేరాను. మా వైపు శ్రావణ అమావాస్యనాడు ఎద్దులకు పండుగ. కొమ్ములకు రంగు పూసి, మీద గుడ్డలు కప్పి, మెడలో గజ్జెలు కట్టి, ఊరి మొగన మామిడాకుల తోరణం కింద జోళ్లన్నిటినీ నిలబెడతారు. వాటిలో ముందుగా తోరణం తెంచుకుని ఊళ్లోకి వెళ్లే జోడు మానం జోడు. ఆ మానం, అంటే ముందు నడిచే మర్యాద, తరతరాలుగా మా ఇంటిది. ఆ జోడు ముందు ఏ ఇంటి వాకిట్లో ఆగి పూజ అందుకుంటుందో ఆ ఇంటికి ఆ ఏడు మంచి జరుగుతుందంటారు. మా జోడు ఎప్పుడూ మా వాకిట్లోనే ఆగేది. చేలు పోయినా, గోడలు పోయినా ఈ ఒక్కటి మాత్రం పోలేదు. ఆ ఏడు అది కూడా పోయేలా ఉంది, ఎందుకంటే మాకు ఎద్దులు లేవు.

సాయంత్రం చావడి దగ్గర ఊరంతా ఇదే మాట. మా ఊళ్లో తగువులు తీర్చే ముసలాయన ఒకాయన ఉండేవాడు, అందరూ పంచాది తాత అనేవారు. తగువులు లేనప్పుడు ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. ఆ రోజు మంచి ఆరోగ్యంగా ఉన్నాడు.

"అసలు ముచ్చటేందంటే," అన్నాడు తాత, "మానం ఎద్దులదా, ఇంటిదా? ఎద్దులదంటరా, ఆ జోడు గిప్పుడు బండోళ్ల కాడున్నది. ఏటేటా ముందు నడిచింది అవే. ఇయ్యేడు సుత అవే నడుస్తయి."

"ఇంటిది" అన్నాను.

"మరి ఇంటికాడ ఏమున్నదిరా నాయనా? తలుపున్నది. తలుపును నడిపిస్తమా?"

అందరూ నవ్వారు. అప్పుడు, పండుగకు తనూ ఊరికొచ్చిన బేరింగు లేచాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. "తాతా, లొల్లెందుకు? జోడు నాదే గానీ పగ్గం అన్న వట్టుకుంటడు. అన్న ముందు నడుస్తడు, నేను యెనక వస్త. అప్పుడు ఇంటిది ఇంటికే పాయె, ఎద్దులది ఎద్దులకే పాయె" అన్నాడు.

ఎంత మంచి మాటో చూడండి. ఆ మాట నాకు తోచలేదే అని, అతనికి తోచిందే అని నాకు ఒళ్లు మండింది. ఒకరి ఎద్దుల పగ్గం పట్టుకుని నడవడం జీతగాడి పని. "మా ఇంటి వాహనం మాకుంది" అన్నాను. ఏ వాహనమని అడిగారు. గోడకు ఆనించిన సైకిలు వైపు చెయ్యి చూపించాను.

పంచాది తాత లేచి వెళ్లి సైకిలు చుట్టూ తిరిగాడు. హ్యాండిలు రెండు కొనలూ పట్టుకుని చూశాడు. "కొమ్ములున్నయి" అన్నాడు. వంగి కిందికి చూసి, "చక్రాలు సుత జోడే" అన్నాడు. గంట కొట్టి చూశాడు. "రంకె సుత ఏస్తది. ఇయ్యేటి మట్టుకు నడువనియ్యుండ్రి. తోరణం తెంపాలె, వాకిట్ల ఆగాలె. నడుమ కాలు కింద పెడితే మానం పోయినట్టే." ఇంత మంచి తీర్పు ఇవ్వడానికి అవకాశం దొరికినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో సైకిలును తిరగేసి పనిలోకి దిగాను. ఊరంతా చూస్తుండగా మానం జోడు టక్కు టక్కుమంటూ వెళ్లకూడదు కదా. పాత కప్పులు తీస్తే లోపల గుండ్లు సగం అరిగి, తుప్పు పట్టి, కందిబద్దల్లా రాలాయి. కప్పుల లోపల చిన్న చిన్న గుంతలు. ఇన్నేళ్లూ సైకిలు తిన్నగా వెళ్లి వెళ్లి గుండ్లు ఆగినచోటే గుంతలు పడ్డాయి. కింది కప్పు తుప్పుతో ఫ్రేముకు అతుక్కుపోయి ఎంత కొట్టినా ఊడి రాలేదు. దాన్ని అలాగే ఉంచి, పైది మాత్రం కొత్తది, రేకు చుట్టి దిగ్గొట్టాను. పెద్ద గుండ్లను గ్రీజులో నిండుగా పేర్చాను. చివర్లో కొంచెం సందు మిగిలింది. అది 'తీసెయ్యాలె' అన్న గుండు సందు. పేర్చినవాటిని వేలితో అటూ ఇటూ జరిపి అందులో ఇంకో గుండు దూర్చాను. ఆ గుండు లోపలికి వెళ్లినప్పుడు కలిగిన తృప్తి చాలా రోజులుగా నాకు కలగలేదు. గుండ్లు పెద్దవి కావడం వల్ల పైన నట్టుకు మరలు సరిగా అందలేదు. పట్టకారుతో పట్టుకుని, కాలితో తన్ని, అందేదాకా బిగించాను.

అరుగు మీద కూర్చున్న నాయనమ్మకు చూపు మందగించింది గానీ చెవులు బాగా పనిచేసేవి. "గంతగనం బిగియ్యకు కొడుకా. మెడ అన్నంక కొంచెం తిరగాలె" అంది.

"మన ఇంటి మెడ తిరగదు నాయనమ్మా" అన్నాను.

"అవును. అందుకే తలుపొక్కటే మిగిలింది" అంది.

బిగించాక ఊపి చూశాను. టక్కు లేదు. ఇంగ్లీషు దొరలా నిలబడింది. హ్యాండిలు తిప్పి చూడాలని నాకు తోచలేదు. నాకు కావలసింది చప్పుడు పోవడం, అది పోయింది. నాయనమ్మ లోపలికి వెళ్లి పెట్టెలోంచి గజ్జెల పట్టెడ తెచ్చింది. ఎద్దులు అమ్మింది గానీ గజ్జెలు అమ్మలేదు. "మన వాకిట్ల ఆగినప్పుడు నేను నీళ్లు పోస్త" అని, దాన్ని తడుముతూ హ్యాండిలుకు కట్టింది. రెండు కొనలకూ బంతిపూలు చుట్టాం. మా ఇంటి వెనక చేలగట్టున ఊరి మొగ దాకా తిన్నని దారి, దాని మీదుగా నడిపించుకుంటూ వెళ్లాను.

తోరణం కింద మొదటి వరసలో నేనూ నా సైకిలూ. మా వెనకే మా ఎద్దులు. (మావే అంటాను, ఏమైనా సరే.) గజ్జెల చప్పుడు విని రెండూ తలలెత్తి హ్యాండిలు వైపు చూశాయి. తర్వాత నా వైపు చూశాయి. మనిషిని అంత నిదానంగా తూకం వేసే చూపు నేను బ్యాంకు మేనేజరు దగ్గర కూడా చూడలేదు. బేరింగు కొత్త ధోతీ కట్టుకుని పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్లు మాత్రం నా సైకిలు మెడమీద ఉన్నాయి.

"అన్నా, ఏ గుండ్లు ఏసినవ్?" అన్నాడు మెల్లగా.

"మా ఇంటికి తగినవి" అన్నాను.

"హ్యాండిల్ ఒకపారి తిప్పి సూడరాదె."

"నీ జోడును నువ్వు చూసుకో."

డప్పులు మోగాయి. నేను ఎక్కి తొక్కాను. తోరణం తెగి మామిడాకులు నా భుజం మీద పడ్డాయి, జనం అరిచారు, నా వెన్ను తాత వెన్నులా నిటారుగా ఉంది. ఆ క్షణం చాలా బాగుంది. దాని తర్వాతి క్షణంలో తెలిసింది, సైకిలు తిన్నగా తప్ప ఎటూ వెళ్లదని. వానకు మెత్తబడిన దారిలో బండి చక్రాల గాడి లోతుగా పడి ఉంది. ముందు చక్రం అందులో దిగింది. బయటికి లాగుదామని హ్యాండిలు తిప్పాను. తిరగలేదు. గుండ్లన్నీ ఒకదాన్నొకటి కౌగిలించుకుని పాత గుంతల్లో కూర్చున్నాయి. బలమంతా పెట్టి తిప్పితే కొంచెం కదిలి, మళ్లీ టక్కున తిన్నగా వచ్చి కూర్చుంది. కాలు కింద పెడితే మానం పోతుంది. పెట్టకపోతే ఎటు పోతానో తెలియదు. మారుతి గుడి దగ్గర ఎడమవైపు మా వాడకు తిరగాలి. దూరంగా మా దర్వాజా, దాని ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డ నాయనమ్మ కనబడ్డారు. కనబడి, పక్కనుంచి జరిగిపోయారు. అక్కణ్ణుంచి దారి పల్లం. సైకిలు గజ్జెలు ఘల్లుమంటూ గాడిలోనే ఇంకా జోరుగా పోయింది.

ఆ గాడి ఎవరి బండి చక్రాలదో, ఎవరి ఇంటికి పోతుందో నాకు గుర్తొచ్చేసరికి బండోళ్ల సందు వచ్చేసింది. రెండు తరాలు మా ఇంట్లో బండి తోలి, పొద్దుగూకి ఇంటికి మళ్లిన దారి అది. నేను నేరుగా వాళ్ల వాకిట్లోకి వెళ్లి, ముగ్గుమీదుగా పోయి, గడ్డివాముకు గుచ్చుకుని ఆగాను. కాలు మాత్రం కింద పెట్టలేదు.

బేరింగు వాళ్లమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో నీళ్ల చెంబు, పళ్లెంలో పసుపు కుంకుమ, పోలెలు, అంటే బొబ్బట్లు. తమ ఎద్దుల కోసం సిద్ధం చేసుకున్నవి. ఆమె గజ్జెల వంక చూసింది, పూల వంక చూసింది, నా వంక చూసింది. వచ్చి ముందు చక్రం మీద నీళ్లు పోసింది. హ్యాండిలు రెండు కొనలకూ పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఎద్దు నోటికి అందించాల్సిన పోలె చేతిలో పట్టుకుని, దాన్ని ఎవరి నోటికి అందించాలో తేల్చుకోలేక కాసేపు సైకిలు వైపూ నా వైపూ చూసింది. తర్వాత నా నోట్లో పెట్టింది.

"మా అత్త బతికున్నన్నాళ్లు ఏటేటా గిట్లనే ముగ్గేసేది, చిన్న పటేలా" అంది. "పటేళ్ల జోడు ఒక్కపారన్న మన వాకిట్ల ఆగుతదేమోనని. గుడికాన్నుంచే మళ్లిపొయ్యేటియి. నువ్వు వస్తవని నేను కలల సుత అనుకోలే." కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

నోట్లో పోలె ఉంది. హ్యాండిలు తిరగలేదమ్మా అని చెప్పడం ఆ స్థితిలో కష్టం. మింగాక చెప్పవచ్చు. మింగాను. "రావాలనే వచ్చాను" అన్నాను.

సరిగ్గా అప్పుడే బేరింగు రొప్పుతూ వచ్చాడు, చేతిలో పగ్గం లేదు, పక్కన ఎద్దులు లేవు. మా మాటలు విన్నాడు. గడ్డివాములోకి దిగిన ముందు చక్రాన్ని చూశాడు. హ్యాండిలు మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టాడు. అది కదలలేదు. పెళ్లిపందిట్లో కూడా బేరింగుల గురించి నోరు మూయలేని మనిషి నా ముఖం చూసి, వాళ్లమ్మ ముఖం చూసి, "అవునే అవ్వా, అన్న నిన్ననే అన్నడు నాతోని" అన్నాడు.

ఎద్దులేవని అడిగాను. గుడి దగ్గర అతని చేతిలోంచి పగ్గం గుంజుకుని అలవాటు కొద్దీ ఎడమవైపు తిరిగాయట. తిన్నగా వెళ్లి మా దర్వాజా ముందు నిలబడ్డాయట. మేము అక్కడికి వెళ్లేసరికి నాయనమ్మ వాటి కాళ్లమీద నీళ్లు పోసి, గంగడోళ్లు నిమురుతూ, "ఏందే, ఇంతగనం ఒళ్లు చేసిన్రు" అని మురుస్తోంది. నేనే వాటిని తోలుకొచ్చాననుకుంది. ఆమెకు కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. పంచాది తాత వచ్చి రెండు వాకిళ్లూ చూసి, ముందు పోయింది పటేలని, ముందు పూజ జరిగింది బండోళ్ల వాకిట్లోనని, ఎద్దులు మాత్రం ఎవరి తీర్పూ వినలేదని చెప్పి, ఎవరికీ కోపం రాని తీర్పు ఇవ్వాల్సి వచ్చినందుకు నీరసంగా ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ల కొట్టంలో బేరింగు నా సైకిలు మెడ విప్పాడు. పెద్ద గుండ్లన్నీ తీసి, తన దగ్గరున్న చిన్నవి పేర్చి, చివరి గుండును తీసి నా అరచేతిలో పెట్టాడు. నట్టు బిగించి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పాడు. హ్యాండిలును వేలితో నెట్టమన్నాడు. నెట్టాను. నూనెలో తిరిగినట్టు తిరిగింది. ఎగతాళి చెయ్యడానికి అంత మంచి అవకాశం దొరికినా చెయ్యకుండా ఉండగలిగాడు. నేనైతే ఉండలేకపోయేవాణ్ణి. అంతకుముందు అతని క్వార్టరు చూసి, సైకిలు చూసి, ఎద్దులను చూసి కుళ్లుకున్నానంటే అవి కొనుక్కునే వస్తువులు. ఇది ఏ దుకాణంలో దొరుకుతుందో తెలియక ఆ రోజంతా ఇంకా ఎక్కువ కుళ్లుకున్నాను.

మరుసటి ఏడు పండుగకు పగ్గం నేనే పట్టుకున్నాను. (జీతగాడిలా కాదు, వెన్ను నిటారుగా పెట్టి.) ముందు మా వాకిలి, తర్వాత వాళ్ల వాకిలి. నాయనమ్మ పోయాక దర్వాజాకు గడియ పెట్టేవాళ్లు లేరు. ఇప్పుడు బేరింగు రిటైరై తుకుంలోనే, మా సందు వెనక సందులో ఇల్లు కట్టుకున్నాడు. ఇంకా అన్నా అనే పిలుస్తాడు. నేను అలవాటు పడ్డాను. ఆ ఒక్క గుండు నా బల్ల సొరుగులో ఉంది, సొరుగు లాగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతుంది. నా మోకాళ్లు సైకిలును ఎప్పుడో వద్దన్నాయి. అతను మాత్రం రోజూ పొద్దున పాల కోసం మా కిటికీ ముందునుంచి వెళ్తాడు, అదే ఎర్ర సైకిలు మీద, ఈ వయసులో కూడా, చప్పుడు లేకుండా. నేను చూడను. కనబడతాడు.